చిన్న బండికి పెద్ద యింజను

గత సంవత్సరము మన పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనమునకై తొమ్మిదవ, పదవ తరగతుల బాలురు కొందరు నాలుగు చక్రముల చిన్న బండి నొకదానిని చేసిరి. ఇనుప గొట్టములను నిచ్చెనవలె అతికించి, దానికి చిన్న చక్రములను తగిలించి, వెనుక భాగమున పాత మోపెడునుండి తీసిన 50 ఘనసెంటీమీటర్ల యింజనును బిగించిరి. బ్రేకునకు సైకిలు బ్రేకు రబ్బరులే. ఆ బండి మైదానములో 50 మీటర్ల దూరమును 9 సెకండ్లలో పరుగెత్తినది. అనగా గంటకు 20 కిలోమీటర్లు. తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును చూచి సంతోషించిరి.

ప్రదర్శన ముగిసిన పిదప ఆ బాలురే మా యొద్దకు వచ్చి, మోటారు సైకిలునుండి తీసిన 100 ఘనసెంటీమీటర్ల యింజను తమకు చౌకగా దొరకినదనియు, దానిని ఎక్కించుటకు అనుమతి నీయవలసినదనియు వేడుకొనిరి. మేము కాదనలేదు. నిజము చెప్పవలెనన్న, బాలురకంటె మాకే ఎక్కువ కుతూహల ముండెను. రెండు శనివారములు పని జరిగినది. మూడవ శనివారము బండి 50 మీటర్లను నాలుగున్నర సెకండ్లలో పరుగెత్తినది. రెండవ పర్యాయము నడిపిన బాలుడు మైదానపు కొనను బ్రేకు నొక్కెను గాని బండి నిలువలేదు. వేపచెట్టు అరుగును తాకినది. బాలుని ఎడమ మణికట్టు విరిగినది. ఆరు వారములకు చేయి స్వస్థపడినది. ఆ బాలుని తండ్రిగారు మమ్ము ఒక్క పరుషవాక్యమైనను అనలేదు. అది మాకు మరింత భారమైనది.

ఆ సాయంకాలము బండిని చూడవచ్చిన మెకానిక్కు, మా పూర్వ విద్యార్థియే, దానిచుట్టు ఒకసారి తిరిగి, "ఉరుకనీకె ఇంజను బెట్టిన్రు, ఆగనీకె ఏం బెట్టిన్రు సారూ?" అని యడిగెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివి, ఇన్ని యేండ్లు భౌతికశాస్త్రము బోధించిన మాకు ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము లేకపోయినది. ఈ వ్యాసము దానికి ఆలస్యముగా వ్రాయుచున్న ప్రత్యుత్తరము.

చిన్న బండిలో పెద్ద యింజను పెట్టుట మన బాలురు కనిపెట్టిన వింత గాదు. అందుకు మిక్కిలి ప్రసిద్ధమైన నిదర్శనము ఇంగ్లండు దేశమునందలి ‘కిట్ కారు’. కర్మాగారమువారు ఈ తెగ కారును పూర్తిగా కూర్చి యమ్మరు. చట్రము, ఇరుసులు, చక్రములు, ఇంజను, తీగలు, మరలు అన్నియు విడివిడిగా పెట్టెలలో నుంచి యిత్తురు. కొన్నవాడు తన యింటనే కూర్చుకొనును. దీనికి కారణము ముచ్చట మాత్రమే గాదు, పన్ను. ఆ దేశమున పూర్తిగా తయారైన కారుపై కొనుగోలు పన్ను ఉండెను. విడిభాగములపై ఆ భారము లేకుండెను. 1957లో కాలిన్ చాప్మన్ అను ఇంజనీరు తన లోటస్ సంస్థనుండి ‘సెవెన్’ అను చిన్న కారును ఈ విధముగా విక్రయింప నారంభించెను. విడిభాగములతో కూర్చు విధానమును తెలుపు పుస్తక మీయరాదని పన్ను నిబంధన యుండగా, చాప్మన్ కారును విప్పు విధానమును తెలుపు పుస్తకము నిచ్చి, దానిని కడపటినుండి మొదటికి చదువుకొనుడని చెప్పెనని యొక కథ నేటికిని చెప్పుకొందురు. 1973లో కొనుగోలు పన్ను పోయి వేరు పన్ను వచ్చినది. ఆ యేటనే ఈ కారును చేయు హక్కును కేటరహామ్ సంస్థ లోటస్ వారియొద్దనుండి తీసికొనినది.

ఈ సెవెన్ కారు బరువు మొదట అయిదువందల కిలోగ్రాములకు లోపే. బాగుగ పెరిగిన ఒంగోలు ఎద్దు ఒక్కటి అంతకంటె ఎక్కువ తూగును. పైకప్పు లేదు, తలుపులు లేవు. సన్నని ఉక్కు గొట్టముల చట్రము, దానిపై అల్యూమినియపు రేకు, ఇద్దరు కూర్చుండుటకు చోటు, ముందు ఇంజను. ఇంతే. ఇంత తేలికయైనదానికి కొంచెము బలము చేర్చినను ఫలము వెంటనే కనబడును గనుక, ఇంకను పెద్ద యింజను పెట్టవలెనన్న కోరిక దానిని కొన్నవారికి కలుగుట సహజము.

ఇక ‘పెద్ద’ యింజను అనగా నేమి? చాలమంది విద్యార్థులు బయటికి కనబడు ఆకారమును తలంతురు. పెద్దతనము లోపల నున్నది. పిస్టను అడుగునుండి మీదికి కదలునపుడు త్రోయు స్థలము యొక్క ఘనపరిమాణమే యింజను పరిమాణము. సిలిండరు వ్యాసార్ధమును వర్గము చేసి, దానిని 3.1416 చేతను, పిస్టను కదలు దూరము చేతను, సిలిండర్ల సంఖ్య చేతను గుణింపవలెను. ఎనిమిదవ తరగతివారికి సిలిండరు లెక్క తెలియును గదా. ఈ లెక్క వేసి చూడుడు. 1959లో ఫోర్డు సంస్థ ఇంగ్లండులో చేసిన ఆంగ్లియా కారు ఇంజనునకు నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదాని వ్యాసము సుమారు 81 మిల్లీమీటర్లు, పిస్టను కదలిక 48.4 మిల్లీమీటర్లు. లెక్క వేసినచో 997 ఘనసెంటీమీటర్లు వచ్చును. 1961లో ఆ సంస్థయే కదలికను 65.1 మిల్లీమీటర్లు చేయగా 1340 అయినది. 1962లో సుమారు 72.8 చేయగా 1498 అయినది. సిలిండరు వ్యాసము మూడింటికిని ఒక్కటే! క్రాంకు షాఫ్టు మాత్రమే మారెను. మూడవసారి ఇంజను దిమ్మెకూడ కొంచెము ఎత్తయ్యెను. పొడవు, వెడల్పు దాదాపు మునుపటివే.

సెవెన్ కారున ఈ మూడు ఇంజన్లును వరుసగా ఎక్కినవి. 1960లో వచ్చిన రెండవ శ్రేణి సెవెన్ కారునకు 997 ఘ.సెం.మీ. ఇంజను పెట్టినపుడు బలము 39 అశ్వశక్తులు. కాస్వర్త్ అను సంస్థ పదునుపెట్టిన 1340 ఇంజనుతో 85. అట్లే పదునుపెట్టిన 1498 ఇంజనుతో 95. ఒకే చిన్న చట్రము. మూడేండ్ల లోపల బలము రెండున్నర రెట్ల కంత సమీపించినది. ఇచ్చట మేము విద్యార్థులను ఒక నిమిషము నిలిపి రెండు సంగతులు చూపదలచినాము. మొదటిది ఇంజనులోనే యున్నది. 997, 1340 ఇంజన్లలో క్రాంకు షాఫ్టును మూడు చోట్ల బేరింగులు మోయుచుండెను. కదలిక పెరిగినకొలది, నిమిషమునకు అవే చుట్లు తిరిగినను, పిస్టను వేగము పెరుగును. నిమిషమునకు 5000 చుట్లు తిరుగునపుడు మొదటి యింజనులో పిస్టను సగటు వేగము సెకండునకు 8 మీటర్లు. మూడవదానిలో 12 మీటర్లు. 1498 ఇంజనునకు ఫోర్డు వారు అయిదు బేరింగులు పెట్టిరి. రెండవది, 1498 ఇంజను పెట్టిన సెవెన్ కారునకు ముందు చక్రములకు డ్రమ్ము బ్రేకులు తీసివేసి డిస్కు బ్రేకులు పెట్టిరి. మా మెకానిక్కు అడిగిన ప్రశ్నకు చాప్మన్ ఇచ్చిన ప్రత్యుత్తరము అది.

బ్రేకు సంగతి లెక్కలో చూచినగాని మనసుకు పట్టదు. కదలుచున్న వస్తువునందలి గతిజశక్తి ద్రవ్యరాశిలో సగమును వేగ వర్గముచే గుణించిన వచ్చును. మన బండియు బాలుడును కలిసి 120 కిలోగ్రాములు. గంటకు 20 కిలోమీటర్ల వేగమున ఆ శక్తి 1850 జూళ్లు. 40 కిలోమీటర్ల వేగమున 7400 జూళ్లు. వేగము రెండింతలు, శక్తి నాలుగింతలు. బ్రేకు అదే గనుక అది పట్టి లాగు బలమును అదే. కావున ఆగు దూరము నాలుగింతలు కావలెను. పాత ఇంజనుతో బండి 6 మీటర్లలో ఆగుచుండెను. బాలురే కొలిచి తమ నోటుపుస్తకమున వ్రాసికొని యుండిరి. క్రొత్త ఇంజనుతో 24 మీటర్లు కావలెను. బాలుడు బ్రేకు నొక్కిన చోటునుండి వేపచెట్టు అరుగు దాక 18 మీటర్లు. మిగిలిన 6 మీటర్లు ఎక్కడనుండి వచ్చును? ఇంకను 6 మీటర్లు కావలసిన బండి వేగ మెంత యుండునో పాత కొలతయే చెప్పుచున్నది. గంటకు 20 కిలోమీటర్లు. మునుపు బండి పూర్తివేగ మెంతయో, అంత వేగముతో అది అరుగును తాకినది. ఈ లెక్క తొమ్మిదవ తరగతి విద్యార్థి రెండు నిమిషములలో వేయగలడు. మేము ఆ శనివారము ఉదయమే నల్లబల్లపై వేసి యుండవలసినది. వేయలేదు.

పెద్ద కారునకును ఇదే లెక్క. 575 కిలోగ్రాముల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదను కొందము. దాని శక్తి 2 లక్షల 22 వేల జూళ్లు. దానిని 4 సెకండ్లలో నిలుపవలెనన్న బ్రేకులు సగటున 55 కిలోవాట్ల చొప్పున, అనగా 74 అశ్వశక్తుల చొప్పున, ఆ శక్తిని వేడిగా మార్చవలెను. నలుబది అశ్వశక్తుల యింజను గల కారుకు సైతము డెబ్బదినాలుగు అశ్వశక్తుల బ్రేకు కావలసి యున్నది! పాదము క్రింద నున్న ఆ చిన్న పలక నిజముగా కారులో బలిష్ఠమైన యంత్రము. ఇంజను బలము రెండింతలు చేసినచో వేగము రెండింతలు కాదనుటయు ఇచ్చటనే గమనింపదగినది. అధిక వేగమున అడ్డుపడునది ప్రధానముగా గాలి. గాలిని చీల్చుటకు కావలసిన సామర్థ్యము వేగము యొక్క ఘనమును బట్టి పెరుగును. కావున బలము రెట్టింపైనను పరమావధి వేగము నూటికి 26 వంతులే పెరుగును. కాని ఆ 26 వంతులకే గతిజశక్తి నూటికి 59 వంతులు పెరుగుచున్నది. లాభ మల్పము, బ్రేకునకు భార మధికము.

చోటు చాలుట మరియొక చిక్కు. దీనికి మంచి కథ సన్‌బీమ్ టైగర్ అను కారుది. అది కిట్ కారు గాదు. రూట్స్ అను సంస్థవారి ఆల్పైన్ అను చిన్న కారు దానికి మూలము. ఆల్పైన్ ఇంజను 1592 ఘ.సెం.మీ. అమెరికాలో కారోల్ షెల్బీ అను పందెపు కార్ల నిపుణుడు 1963లో దానిలో ఫోర్డు వారి ఎనిమిది సిలిండర్ల యింజను పట్టునని చేసి చూపెను. 1964లో 4261 ఘ.సెం.మీ. ఇంజనుతో టైగర్ అమ్మకమునకు వచ్చినది. దాదాపు రెండున్నర రెట్లకు మించిన యింజను! పాత స్టీరింగు పెట్టె ఇంజనునకు అడ్డము వచ్చుటచే దానిని తీసివేసి, పండ్ల పట్టీతో పనిచేయు స్టీరింగు నమర్చిరి. వెనుక ఇరుసు పక్కకు జరుగకుండ ఒక అడ్డకడ్డీ చేర్చిరి. అయినను ఇంజను వెనుక గోడకు తగులుచుండెను. రంగు వేసి సిద్ధమైన కారు ఒంటిని కార్మికులు పెద్ద సుత్తెతో మోది గోడను లోనికి నొక్కి ఇంజనును దింపుచుండిరట. ఒక మూలనున్న స్పార్కు ప్లగ్గు బయటినుండి చేతికి అందదు. కారులోపల కూర్చుండి, కాళ్ల యెదుటి గోడకున్న బిరడా తీసి, ఆ రంధ్రముగుండ దానిని విప్పవలెను. మా మెకానిక్కు ఈ సంగతి విని చాలసేపు నవ్వెను. తానును ఒక వ్యానునకు అట్లే రంధ్రము చేసితినని చెప్పెను.

ఆ కథకు కొసరు ఇంకను విచిత్రమైనది. క్రైస్లర్ సంస్థ రూట్స్ సంస్థను 1967లో చేజిక్కించుకొనినది. తన పోటీదారుడైన ఫోర్డు ఇంజనును తన కారులో నుంచుట దానికి ఇష్టము లేదు. తనకును దాదాపు అంత పరిమాణము గల ఎనిమిది సిలిండర్ల యింజను కలదు. కాని ఫోర్డు ఇంజనునకు డిస్ట్రిబ్యూటరు ముందు నుండగా, క్రైస్లర్ ఇంజనునకు వెనుక నుండెను. సుత్తెతో మోదిన ఆ గోడయెదుట దానికి చోటు లేదు. టైగర్ ఆ యేటనే ఆగిపోయినది. పరిమాణము కుదిరినను, పిడికెడంత పరికరము ఉన్నచోటు కుదరలేదు.

మన ప్రాంతమువారికి ఇట్టి సంగతులు తెలియనివి కావు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు గ్రామములలో బోరుబావి లేని రైతు అరుదు. 5 అశ్వశక్తుల మోటారు నీరు తక్కువగా ఎత్తుచున్నదని ఏడున్నర అశ్వశక్తుల మోటారు దింపినవారిని మనము చూచియున్నాము. తీగ పాతది, స్టార్టరు పాతది, గొట్టము పాతది. కొన్నిచోట్ల తీగ మాడినది. కొన్నిచోట్ల మోటారు గట్టిదే గాని బోరులో ఊరు నీరు గట్టిది కాక గంటసేపటిలో గాలి గ్రక్కినది. మోటారు పెద్దదైనంత మాత్రమున భూగర్భమున నీరు పెరుగదు గదా.

జీపుల చరిత్రయు అట్టిదే. రెండవ ప్రపంచ యుద్ధమునాటి విల్లీస్ జీపునకు 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను, 60 అశ్వశక్తులు. 1973 చమురు సంకటము పిదప పెట్రోలు ధర పెరుగగా, మన దేశమున పెట్రోలు జీపులు గలవారు అనేకులు వానిలో డీసెలు ఇంజన్లను ఎక్కించుకొనిరి. డీసెలు ఇంజను బరువెక్కువ, తిరుగు వేగము తక్కువ, అదురు మెండు. బరువునకు ముందు పట్టీలు క్రుంగును; అదురునకు ఇంజను కూర్చుండు దిమ్మెలు చీలును; చుట్లు తక్కువ గనుక ఇరుసులోని పండ్లచక్రముల నిష్పత్తి మార్చనిచో జీపు వేగము తగ్గును. అంబాసిడరు కారునకు 1990 దశకమున 1489 ఘ.సెం.మీ. ఇంజనునకు బదులుగా ఇసుజు వారి 1.8 లీటర్ల యింజను పెట్టినపుడు తయారీదారులు ఇంజనును మాత్రమే మార్చలేదు. దానికి తగిన అయిదు గేర్ల పెట్టెను గూడ పెట్టిరి. ఇంజనును దానికి తగిన గేరుపెట్టెతో కలిపి తెచ్చుకొనుట తెలివైన పని.

గేరుపెట్టె మాట వచ్చినది గనుక టైరు సంగతియు చెప్పవలెను. ఇది బాలురు తరచుగా అపార్థము చేసికొను విషయము. వెనుక ఇరుసుపై 300 కిలోల భారము, టైరునకు నేలకు ఘర్షణ గుణకము 0.8 అనుకొందము. అపుడు టైర్లు నేలను పట్టి త్రోయగల గరిష్ఠ బలము 240 కిలోల భారమునకు సమము. చక్రపు వ్యాసార్ధము 28 సెంటీమీటర్లయినచో ఇరుసుపై 67 కిలోగ్రాము-మీటర్ల మెలిక వరకే టైరు భరించును. అంతకు మించిన జారును. ఇంజను మెలిక 10, మొదటి గేరు నిష్పత్తి 3.5, ఇరుసు నిష్పత్తి 4 అయినచో చక్రమునకు 140 చేరును. అనగా చిన్న యింజనే మొదటి గేరులో టైరును జార్చగలదు! పెద్ద యింజను అచ్చట అధికముగ చేయునది లేదు. తేడా మూడవ గేరులో తెలియును. దాని నిష్పత్తి 1.4 అయినచో చిన్న యింజను 56 పంపును; టైరు పట్టు నిలుచును. 18 మెలిక గల పెద్ద యింజను 100 పంపును, టైరు జారును. వానకు తడిసిన వంపులో, మంచి వేగముమీద, కారు తోక పక్కకు తిరుగుట ఇందువలననే. తేలిక కారునకు మేలొకటి కలదు: టైరు ముందుగ జారుట చేత ఇరుసునకు విరుగునంత మెలిక సామాన్యముగా చేరదు. బరువైన జీపున అట్లు గాదు. అందు టైరు పట్టుకొనును, ఇరుసు విరుగును.

ఇరుసు అనగానే మాకు మన ఊరి పేరు జ్ఞప్తికి వచ్చును. ఆలంపురము దేవాలయములకు రాళ్లను మోసికొని పోవు బండ్లు తుంగభద్రను దాటుటకు ముందు ఇరుసులకు కందెన పూసికొన్న చోటు గనుక కందనవోలు, అదియే కర్నూలు, అని పెద్దలు చెప్పుదురు. నాగర్‌కర్నూలు పేరునకును బండ్ల కందెనకును సంబంధము కలదని మన ప్రాంతమువారి మాట. ఆ బండివారు భౌతికశాస్త్రము చదువలేదు. బరువు మారినపుడు మొదట ఇరుసును చూచుకొనుట వారికి తెలియును.

వేడిమిని గూర్చి రెండు మాటలు చాలును. ఇంజనులో మండిన ఇంధన శక్తిలో ఇంచుమించు మూడవవంతు నీటిలోనికి పోవును. బలము రెట్టింపైన ఆ వేడిమియు రెట్టింపగును. చిన్న కారు ముక్కున పట్టు రేడియేటరు మాత్రము అంతే. మన మే నెల యెండలో దాని గతి చెప్పనక్కర లేదు.

బరువు నుంచు చోటు తులాదండము పాఠమే. ముందు, వెనుక ఇరుసుల నడుమ దూరము 2.2 మీటర్లనుకొందము. పెద్ద యింజను 60 కిలోలు అధికము. దానిని ముందు ఇరుసునకు 20 సెంటీమీటర్లు ముందుకు పెట్టినచో ముందు చక్రములపై 65 కిలోలు పెరిగి, వెనుక 5 కిలోలు తగ్గును. అర మీటరు వెనుకకు పెట్టినచో ముందు 46, వెనుక 14 పెరుగును. రెండవదియే మేలు, స్టీరింగు తేలికగ నుండును. కాని అప్పుడు ఇంజను నడుపువాని కాళ్లలోనికి వచ్చును. ఇంజనీరు ఎప్పుడును ఇట్టి రెంటి నడుమ నలుగుచుండును.

తల్లిదండ్రులలో కొందరు తమ పిల్లలు మోటారు సైకిళ్లకు, పాత కార్లకు ఇంజన్లు మార్చవలెనని అడుగుచున్నారని మాతో చెప్పిరి. మైదానములోని బండి వేరు, రాజమార్గము వేరు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును యజమాని మార్పరాదు; వాయువు, విద్యుత్తు వంటి వేరు ఇంధనముతో నడుచుటకు అనుమతింపబడిన పరికరములను షరతులకు లోబడి అమర్చుకొనుటకు మాత్రము వెసులుబాటు కలదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళనుండి వచ్చిన వ్యాజ్యమున ఈ నియమమునే దృఢపరచినది. కావున రోడ్డు బండిపై ప్రయోగములు చేయరాదు. ప్రయోగ మభిరుచి గలవారు హైదరాబాదు బహదూర్‌పురాలో శ్రీ కె. సుధాకర్ గారు నెలకొల్పిన సుధా కార్ల ప్రదర్శనశాలను చూచి రావచ్చును. పాత సామానుతో బూటు ఆకారమునను, పుస్తకము ఆకారమునను, క్రికెట్ బంతి ఆకారమునను ఆయన చేసిన బండ్లు అచ్చట నున్నవి. 2005లో ఆయన 12 మీటర్లకు మించిన ఎత్తు గల మూడుచక్రముల సైకిలును నడిపి గిన్నిస్ గ్రంథమున కెక్కెను. ఇంజనీరింగే వృత్తిగా గొనదలచిన బాలురకు వనపర్తి రాజప్రాసాదమున నెలకొన్న పాలిటెక్నిక్ కళాశాల దూరము గాదు.

చిన్న యింజనుతోడను చమత్కారము చేయవచ్చునని చూపినవారు ఆ సెవెన్ కారు వారే. 2013లో కేటరహామ్ సంస్థ ‘సెవెన్ 160’ అను కారును వెలువరించినది. అందు మన కెరిగిన సుజుకి వారి 660 ఘ.సెం.మీ. మూడు సిలిండర్ల యింజను, 80 అశ్వశక్తులు. వెనుక ఇరుసుగూడ సుజుకి వారిదే. కారు బరువు 490 కిలోలు. మారుతి 800 కారు ఇంజనుకంటె అది పరిమాణమున చిన్నది! పెద్ద యింజనులకు పేరుపొందిన కారునకు వారు చిన్న యింజనును వెదకిరి. దానికి తగిన సన్నని ఇరుసును, తగిన టైర్లను గూడ కూర్చిరి.

మన బండి సంగతి చెప్పి ముగించెదము. జూన్ నెలలో బాలురు దానిని పూర్తిగా విప్పిరి. ఇంజనును కూర్చుండబెట్టిన ఇనుప పట్టీ ఒకటి వెల్డింగు చేసినచోట వెండ్రుకవాసి చీలియుండుట అప్పుడే కనబడినది. చెట్టు అడ్డము రానిచో మరునాడు మరియొక ప్రమాద ముండెడిదేమో. ఈసారి బ్రేకులు మొదట. పాత స్కూటరు డ్రమ్ము బ్రేకులను వెనుక రెండు చక్రములకును బిగించిరి. పిదప పాత 50 ఘ.సెం.మీ. ఇంజనునే తిరిగి ఎక్కించిరి. నడుపువానికి శిరస్త్రాణము లేనిదే బండి కదలదు. మైదానమున సున్నపు గీతలు గీసి ప్రతి శనివారమును ఆగు దూరము కొలుచుచున్నారు. కొలతల పుస్తకము మణికట్టు విరిగిన బాలుని యొద్దనే యున్నది. చాల చక్కని దస్తూరి. 20 కిలోమీటర్ల వేగమునుండి మొన్నటి శనివారపు కొలత 3 మీటర్ల 60 సెంటీమీటర్లు.

మోటారు సైకిలు ఇంజను విజ్ఞానశాస్త్రపు గదిలో బల్లపై విప్పి యున్నది. తొమ్మిదవ తరగతివారు పిస్టనును చేత పట్టుకొని చూచుచున్నారు. నాలుగు రెట్లు 3.60 అయిన 14 మీటర్ల 40 సెంటీమీటర్లే గదా, చెట్టు 18 మీటర్ల దూరమున నున్నది గదా, ఇక ఎక్కింతుమా అని బాలురు మమ్ము అడిగిరి. లెక్క సరియే. గొలుసుపై పడు లాగును, ఆ ఇనుప పట్టీ మోయవలసిన బలమును గూడ లెక్కవేసి తెండని చెప్పితిమి. ఈ సంచిక అచ్చునకు పోవునాటికి వారు ఆ లెక్కలోనే యున్నారు.